స్పీకర్లో పెట్టిన ఫోను

లక్ష్మీతులసి మా మలికిపురం ఆసుపత్రిలో నర్సుగా చేరిన మొదటి వారమే నాకు చిరాకు తెప్పించింది. డాక్టరుగారు ఫోన్లో ఏ మందు చెప్పినా సరే, స్పీకర్లో పెట్టి నన్ను కూడా వినమనేది. విన్నది కేస్ షీట్‌లో టైముతో సహా రాసి, ఆయనకే తిరిగి చదివి వినిపించేది. కింద తన సంతకం, పక్కన నాది. పదహారేళ్లుగా "అలాగేనండి" అని ఇంజెక్షను పొడిచేసి పోయే నర్సుని నేను. నాకివన్నీ మస్కట్ టెక్కుల్లా కనిపించాయి. అక్కడ గుండె వార్డులో ఎనిమిదేళ్లు చేసి వచ్చిందిలెండి.

"ఎందుకమ్మా ఈ చాదస్తం?" అని ఓసారి అడిగేశాను.

"మందు చెప్పేది డాక్టరుగారే అక్కా. ఎక్కించేది మన చెయ్యి. తప్పని తెలిసీ ఎక్కించేమనుకోండి, ఆయన చెప్పేరంటే కోర్టు ఊరుకుంటుందా?" అంది. నేను మూతి తిప్పుకున్నాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం, రొయ్యల చెరువు మీద పనిచేసే అప్పలస్వామిని అతని భార్య మహాలక్ష్మమ్మ ఆటోలో తీసుకొచ్చింది. గుండెల్లో మంట, ఒళ్లంతా చెమట. పొద్దున్న తిన్న బజ్జీలే కొంప ముంచాయని ఆమె అంది, నేనూ నమ్మాను. తులసి నమ్మలేదు. వెంటనే ఈసీజీ తీసింది. కాగితం చూడగానే ఆమె మొహం మారిపోయింది.

డాక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు రాజోలులో పెళ్లి భోజనాల దగ్గరున్నారు. తులసి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. వెనకాల సన్నాయి మోగుతోంది.

"గ్యాసే అయ్యుంటుంది. ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేయండి" అన్నారు.

"ఈసీజీలో తేడా ఉందండి. గుండెపోటులా ఉంది. మీ ఫోనుకి పంపేను, చూసేరా అండీ?"

"నువ్వు నాకు చెప్పేదేంటి? చెప్పింది చెయ్యి. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

తులసి భర్తకు ఆరు నెలలుగా పని లేదు. ఆ ఇల్లు ఈమె జీతంతోనే నడుస్తోంది. ఊరుకోమని చెయ్యి గిల్లాను కూడా.

ఆమె పెన్ను తీసింది. గొంతు పెంచలేదు.

"ఆయ్, రాస్తున్నానండి. ఒంటిగంటా పది నిమిషాలు. ఈసీజీలో తేడా ఉందని సిస్టర్ తులసి చెప్పింది. డాక్టరుగారు అది చూడకుండా ఇంటికి పంపమన్నారు. ఇలాగే ఉంచమంటారా అండీ? మనిషిని మాత్రం నేను పంపనండి."

ఫోనులో సన్నాయి మోత దూరమైంది. తరవాత ఆయన గొంతు మారింది.

"చూసేను. పడుకోబెట్టి ఉంచండి. ఆస్పిరిన్ నమిలించండి. వస్తున్నాను."

ఆ ఆస్పిరిన్ మాట కూడా తిరిగి చదివాకే ఇచ్చింది మహాతల్లి. ఈసారి సంతకం నేనే అడిగి పెట్టాను.

ఇరవై నిమిషాల్లో ఆయన పట్టుపంచెతోనే పరుగున వచ్చారు. రక్తపు గడ్డ కరిగించే మందు ఎక్కించి, అంబులెన్సులో రాజమహేంద్రవరం పెద్దాసుపత్రికి పంపారు.

పదో రోజున అప్పలస్వామి తన కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. మహాలక్ష్మమ్మ డాక్టరుగారికి రెండు చేతులూ జోడించి "నా పసుపుకుంకాలు నిలబెట్టేరండి" అంది.

ఓపీ నిండా జనం. ఆయన కుర్చీలోంచి లేచారు.

"నాకు కాదమ్మా. నేను ఇంటికి పంపేయమన్నాను. సిస్టరుగారు పంపనన్నారు."

అందరూ తులసి వైపు తిరిగారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు. ఆమె అప్పలస్వామి చేతికి బీపీ పట్టీ చుడుతూ తలెత్తింది.

"ఆయ్, అది నా పనేనండి" అంది.