చేతికి చల్లటి గ్యాసు

“…ఎండే ముదిరితే పగళ్ళు మండాలి గానీ, రాత్రుళ్ళెందుకు ఇంతగా ఉడికిపోతున్నాయి నాన్నా? అప్పుడు కూడా సూర్యుడు డ్యూటీకొస్తున్నాడా?”

“నిచ్చెనెక్కి నన్ను ప్రశ్నలేస్తావేంటే? ఆ వాల్వు తిప్పి గ్యాసు వదిలెయ్. అవతల ఇంకో ఇల్లుంది.”

పాత ఏసీ విప్పుతూ నిచ్చెన మీద ఉన్నది కూతురు. కింద ఉన్నది వీధంతా కూలింగ్ మామ అని పిలిచే మెకానిక్. మోకాళ్ళు అరిగాక ఆయన ఎక్కే పని కూతురికి అప్పగించి, ఆలోచించే పని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ ఆలోచనతోనే భూమి వేడెక్కడం సూర్యుడి తప్పని తేల్చేశాడు. ఇన్నేళ్ళూ పాత ఏసీల గ్యాసంతా గాలికే వదిలాడు. ఏటేటా గిరాకీ పెరుగుతుంటే తన హస్తవాసి అనుకుని మురిసిపోయాడు.

“పొద్దుగూకాక నేల వేడి పైకి పోవాలి. మనం వదిలే పొగా గ్యాసూ దాన్ని పోనివ్వట్లేదు. అందులోనూ ఈ ఏసీ గ్యాసు కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది.”

కూలింగ్ మామ జాలిగా నవ్వాడు. చదువుకున్నవాళ్ళకు అనుభవం ఉండదు కదా.

“పిచ్చిదానా, వదిలేటప్పుడు చెయ్యి పెట్టి చూడు. మంచులా తగులుతుంది. అంత చల్లటిది లోకాన్నెలా వేడెక్కిస్తుందే?”

కూతురు వాల్వు మీంచి చెయ్యి తీసేసింది. ఇంటాయన విసనకర్రతో గుమ్మంలోకి వచ్చి, ఇంకెంతసేపని అడిగాడు.

“నాన్నా, గ్యాసుని గాలికి పోకుండా లాగి పట్టే మెషీనూ, దాన్ని నింపే ఖాళీ సిలిండరూ మన కొట్లో ఉన్నాయి. నువ్వవి తెచ్చేదాకా నేను వాల్వు ముట్టను, నిచ్చెన దిగను.”