బావ మార్చిన ఇంజను

మా బావ పోయాడని పాలెం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కావలిలో నా గదిలో కూర్చుని పాత పుస్తకాలకు పట్టిన చెదలు దులుపుతున్నాను. ఫోను చేసింది ఆయన పక్కింటి రైతు. "పొద్దున కాఫీ తాగి మంచం మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే ఒరిగిపోయినాడు సార్. బాధేం పడలా" అన్నాడు. నలభై ఏళ్లు పడ్డవాడు చివరి పావుగంట పడకపోతేనేం అనుకున్నాను.

ఫోను పెట్టేశాక ముందు గుర్తొచ్చింది బావ ముఖం కాదు, ఒక మాట. "వానలు పడేలోపల మన పాలేనికి రోడ్డు పడతాది, నాది పూచీ" అని మా అన్న ఇచ్చిన మాట. అన్న అప్పుడు మా పంచాయతీకి ప్రెసిడెంటు. ఆ మాట ఆయన నిలబెట్టుకోలేదు. దాన్ని నమ్మినందుకు మా అక్క ప్రాణం పోయింది, ఆ పాపం వచ్చి మా బావ నెత్తిన పడింది. అక్క మొగుడాయన. మోసినన్నాళ్లూ నోరెత్తకుండా మోశాడు, నన్నూ ఎత్తనివ్వలేదు. ఇప్పుడాయన లేడు. నా నోటికి కట్టిన గుడ్డ కూడా ఆయనతోనే కాలిపోయింది.

మా పాలెం కోటకు తూర్పున, సముద్రపు దిబ్బల వెనక ఉంటుంది. వేరుశనగ, సరుగుడు తప్ప ఇంకోటి సరిగా పండదు. ఇప్పుడైతే తారురోడ్డు మీద రొయ్యల లారీలు తిరుగుతున్నాయి. అప్పట్లో ఊరు దాటాలంటే ఉప్పుపర్ర, అంటే ఉప్పు తేలిన బయలు, దాటాలి. ఎండాకాలం ఆ పర్ర గచ్చులా గట్టిగా ఉంటుంది. నాలుగు వానలు పడ్డాయా, ఎద్దును కూడా మోకాలిదాకా మింగే బురద.

ఆ బురద దాటగలిగిన బండి ఊళ్లో ఒక్కటే ఉండేది. బావ వేలంలో కొన్న పాత పెట్రోలు జీపు. నాలుగు చక్రాలూ లాగుతాయి. పురుగు కుట్టినా, నొప్పులొచ్చినా, చెట్టు మీంచి పడినా జనం వచ్చి ఆయన తడిక తట్టేవాళ్లు. పొలం నుంచి రాగానే తను కాళ్లు కూడా కడుక్కోకుండా మంచినీళ్లతో ఆ బండి అడుగుభాగం కడిగేవాడు, ఉప్పు తింటుందని. "దానికి స్నానమైతేగానీ ఈయనకు లేదు. పెళ్లి దాన్నే చేసుకోని ఉంటే సరిపోయేది" అనేది అక్క. "అదీ అడిగినా. వాళ్ల నాయన ఒప్పుకోలా" అనేవాడు బావ. ఆయన హాస్యం అంతా ఆ స్థాయిలోనే ఉండేది. మా అక్క ప్రతిసారీ నవ్వేది.

ఎంత కడిగినా ఉప్పు తినాల్సింది తిన్నది. ఒక ఎండాకాలం ఇంజను నిలువునా పగిలింది. ఆ ఇంజను మళ్లీ దొరకదు, దొరికినా పెట్రోలు పోయలేం. అందుకని బావ మద్రాసులో పాత సామాన్ల బజారు తిరిగి, దెబ్బతిన్న వ్యానులోంచి పీకిన డీజిలు ఇంజను ఒకటి లారీలో వేసుకొచ్చాడు. కోట నుంచి మేస్త్రిని పిలిచాడు. ఇంటి ముందు తాటి దూలాలు మూడు ముక్కాలిపీటలా నిలబెట్టి, గొలుసు వేసి, పాత ఇంజను పైకెత్తి, కొత్తది దించారు. నిమ్మకాయలు కోశారు, కర్పూరం వెలిగించారు. సెలవులకు వచ్చిన నేను మంచం మీద పుస్తకం బోర్లా పెట్టుకుని అదంతా చూస్తూ ఉన్నాను. కాబట్టి తర్వాత జరిగిన సంభాషణ నేను విన్నదే, ఎవరో చెప్పింది కాదు.

మేస్త్రి జీపు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, "ఇంజను కూర్చునింది గానీ కింద చాంబరు అడ్డం పడతావుంది. ముందు షాఫ్టుకు దోవ లేదన్నా" అన్నాడు. చాంబరంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి. షాఫ్టంటే ముందు చక్రాలకు ఇంజను బలం అందించే కడ్డీ. "చాంబరు కోసి, రూపం మార్చి, మళ్లీ అతకాల. పదైదు దినాలు పడతాది. లేదంటే అందురూ చేసేదే. షాఫ్టు పీకేద్దాం."

అందరూ చేసేదే, నిజం. ఆ రోజుల్లో మా వైపు పెట్రోలు జీపుకు డీజిలు ఇంజను వేసిన ప్రతివాడూ ఆ షాఫ్టు పీకి పక్కన పడేసేవాడు. ఆ తర్వాత వెనక చక్రాలే బండిని తోస్తాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. తారు మీద తేడా తెలియదు.

అక్క మజ్జిగ చెంబు తెచ్చి మేస్త్రి ముందు పెట్టి నిలబడింది. "ముందు చక్రాలు లాగకపోతే దీనికీ కోటలో టాక్సీకీ తేడా ఏందంట? వానల్లో పర్రలో ఎవురు లాగేది, నేనా?"

"లాగుతావులే. ఇన్నాళ్లూ నన్ను లాగలా?" అన్నాడు బావ. నవ్వి, మేస్త్రివైపు తిరిగి, "కోసెయ్ మేస్త్రీ. పదైదు గాకుంటే నెల" అన్నాడు.

అప్పుడే మా అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో తోలు సంచి. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. "నెలా? అందాకా నేను ఎండలో దిబ్బలెమ్మడి నడిచి ఓట్లడగాల్నా బావా? నాకు బండి ఈ వారంలో కావాల."

"షాఫ్టు ఎక్కించాల గదా" అన్నాడు బావ.

"ఎందుకు? రోడ్డు శాంక్షనయింది. వానలు పడేలోపల మన పాలేనికి రోడ్డు పడతాది, నాది పూచీ. తారు మీద పొయ్యే బండికి ముందూ ఎనకా లాగేదెందుకు, గానుగెద్దా అది?"

"పోయిన ఎలక్షన్లో కూడా వానలనే అన్యావు గదన్నా" అంది అక్క.

"గమ్మునుండమ్మాయ్. ఇంజన్ల సంగతి నీకెందుకు?"

బావ అక్కవైపు చూశాడు, అన్నవైపు చూశాడు. భార్యకు పెద్దన్న, ఊరికి ప్రెసిడెంటు, పదిమందీ చూస్తుండగా పూచీ అంటున్నాడు. మావాళ్లలో అంత మాట వచ్చాక కాదనడం మనిషిని అబద్ధీకుడు అన్నట్టే. "సరే, ఇప్పటికి పీకు మేస్త్రీ. షాఫ్టు మాత్రం పారేసేది లేదు" అన్నాడు. దాన్ని గోనెపట్టాలో చుట్టి మంచం కింద పెట్టాడు. అక్క ఆ పూట ఆయనకు ఒక్కసారి అన్నం వడ్డించి, మారు అడగకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

జీపు వారంలో తిరిగింది. అన్న గెలిచాడు. కోట వైపు కొసన రోడ్డు కోసం నాలుగు కుప్పలు కంకర దిగింది, ఆ కంకర మీద గడ్డి మొలిచింది. ఆశ్వయుజంలో బావ రెండుసార్లు అడిగాడు. "కంకర దిగింది గదా, ఇంకేంది నీ తొందర?" అన్నాడు అన్న. మేస్త్రి అప్పటికి గూడూరులో ఏదో పెద్ద పనికి పోయాడు, దీపావళి దాటాక వస్తానన్నాడు.

దీపావళికి నేను ఊరొచ్చాను. పండగ మర్నాడు ముసురు పట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోనాడు మధ్యాహ్నం అక్క చూరు కింద పేర్చిన సరుగుడు కట్టెలు లాగుతుంటే రక్తపింజర కరిచింది. చూశాం, అదే. బావ బండి తీశాడు. వెనక సీట్లో అక్క తల నా ఒళ్లో ఉంది.

సగం పర్రలో దిగబడింది. ఆ కొత్త ఇంజను పాతదానికంటే చాలా బరువు. బరువంతా ముందు చక్రాల మీద, వాటికేమో లాగే బలం లేదు. వెనకవి తోసేకొద్దీ ముందువి నాగలికర్రులా లోపలికి దిగాయి. బావ ముళ్లకంప నరికి వేశాడు. చాప వేశాడు. కట్టుకున్న పంచె విప్పి చక్రం కింద వేశాడు. ఇంజను మాత్రం మంచిదే, అరుస్తూనే ఉంది. అక్క కళ్లు తెరిచి, "ఆపయ్యా దాన్ని. పాపం, దాని తప్పేముండాది" అంది. తర్వాత ఆమె మాట్లాడిన మాటలు నాకు అర్థం కాలేదు. చిగుళ్లలోంచి రక్తం వస్తోంది.

ఊళ్లోవాళ్లు నులకమంచం తెచ్చి, మోకాళ్ల బురదలో మోసుకుపోయారు. కోట చేరేసరికి చీకటి పడింది. అక్కణ్ణించి నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. మనుబోలు దాటకముందే పోయింది.

శవాన్ని దించిన చోట, ఊరంతా చుట్టూ ఉండగా, మా అన్న ఏడుస్తూ అన్న మాట ఇది: "జీపులోది పీకి వ్యాను ఇంజను పెట్టి నా చెల్లెల్ని చంపినాడు. షాఫ్టు పీకొద్దురా అంటే వినలా." ఏడుపు నిజమే. మాట అబద్ధం. నేను లేచాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. ఎండిన బురద నా చర్మం మీద గరుకుగా తగలడం ఇప్పటికీ తెలుస్తుంది. ఆయన అన్నవైపు చూడను కూడా చూడలేదు.

తర్వాత అడిగాను, ఎందుకాపావని. "బండి నాది బామ్మర్దీ. షాఫ్టు పీకమని మేస్త్రికి చెప్పింది నేను. నోరు ఎవురిదైతే ఏంది?" అన్నాడు. నేను వాదించబోతే, "మీ ఇంట్లో మిగిలింది మీరిద్దరే. కొట్టుకుంటే మీ అక్క ఒప్పుకోదు. నేనుండంగా ఈ మాట ఎత్తొద్దు" అని నా దగ్గర మాట తీసుకున్నాడు. మా ఇంట్లో నిలబడిన మాట అదొక్కటే.

కర్మకాండ అయిన మరుసటి రోజు ఆయన గూడూరు వెళ్లి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. చాంబరు కోయించాడు, అతికించాడు, షాఫ్టు ఎక్కించాడు. మేస్త్రి చెప్పిన పదైదు దినాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత వానాకాలంలో ఏనాడూ జీపును ఇంటివైపు తిప్పి నిలపలేదు. "బండి మొగం పర్రవైపే ఉండాల. ఆపదొచ్చినోడికి రివర్సు కొట్టే టైముండదు" అనేవాడు. ఆ బండిలో ఎన్ని కాన్పులు, ఎన్ని పాముకాట్లు పర్ర దాటాయో పాలెంలో అందరికీ తెలుసు. ఆ వెనక సీట్లో పడుకుని ప్రాణం దక్కించుకున్నవాళ్లే, బాగయ్యాక అరుగుల మీద కూర్చుని, "పాపం, పెళ్లాన్ని చంపుకున్నాడు గదా, ఆ పాపం కడుక్కుంటుండాడు" అన్నారు. నేను చదివిన పుస్తకాల్లో పాపానికి ఫలితం ఉంటుంది. మా పంచాయతీలో పాపానికి శిలాఫలకం ఉంటుంది. ఎన్నో ఏళ్లకు రోడ్డు పడినప్పుడు దాని మీద మా అన్న పేరే చెక్కారు.

రోడ్డు పడ్డాక రోగి ఉంటే బావ దాని మీదే పోయేవాడు. ఒంటరిగా ఉంటే మాత్రం పక్కన పర్రలో దిగి, బురదలో నాలుగు చక్రాలతో లాక్కుంటూ పోయేవాడు. ఎందుకని నేను అడగలేదు. చివరికి జీపు ఒళ్లంతా ఉప్పు తినేసింది. ఇంజను చెడలేదు. దాన్ని దించి వేరుశనగ చేలో నీళ్లు తోడడానికి బిగించుకున్నాడు. సాయంత్రం పూట దాని పక్కన కూర్చుని, చెవి రవ్వంత వంచి శబ్దం వింటూ ఉండేవాడు. నేను వెళితే జరిగి చోటిచ్చేవాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నా జీవితంలో నన్ను ఏమీ అడగకుండా పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

దహనానికి మా అన్న కారులో వచ్చాడు, ఇద్దరు పట్టుకుంటే. ఇప్పటికీ అందరూ ప్రెసిడెంటుగారనే అంటారు. చితి అంటుకోకముందే పక్కనున్న కుర్రవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. "మంచోడేరా. ఒక్కటే తప్పు. ఇంజను మార్చి నా చెల్లెల్ని పోగొట్టుకున్నాడు. చెప్తే వినలా." వాళ్లు తలలూపారు. పొగ సముద్రంవైపు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు దిబ్బ ఎక్కలేక ఆయన ఆగిపోయాడు. పట్టుకొచ్చిన ఇద్దరూ ముందుకు పోయారు. నేను పైన ఉన్నాను. "తమ్ముడా, చెయ్యందీరా" అన్నాడు. చెయ్యి చాచాడు. ముసలి చెయ్యి. పాదాల కింద ఇసక జారుతుంటే ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. నేను నా రెండు చేతులూ వెనక పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. మా అక్కను చంపింది మా బావ కాదు. కింద చెయ్యి చాచి నిలబడిన ఆ మనిషిని నేనిక అన్నా అని పిలవను. అతని పేరు పెంచలయ్య.