ఖాళీ వస్తే దాటెయ్

మీ సంఘం సభ్యత్వ ఫారంలో కులం రాయమని ఒక గడి ఉంటుందే, దాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మీరెప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. కులం మీద సభల్లో గొంతు పోయేలా అరిచినవాణ్ణే. అయినా మా కలకత్తా తెలుగు సంఘం ఫారాల్లోని ఆ గడిని బుద్ధిగా కంప్యూటర్లోకి ఎక్కించాను. గోడ గోడకీ ఎర్రజెండా గీసి ఉన్న ఊరది. ఇక్కడ వర్గమే తప్ప కులం లేదని టీకొట్టు బెంగాలీ దాదాతో సహా అందరూ చెప్పేవారు. లేనిదానికి ఒక కాలమ్ ఉంటే ఏం నష్టం అనుకున్నాను.

అప్పట్లో నేను సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీలో ఎక్సెల్ పని చేసేవాణ్ణి. సంఘం ఆదివారాల్లో పెద్దవాళ్ళకి తెలుగు చదవడం నేర్పుదామనుకుంది. హాలు లేదు కాబట్టి ఏ పేటవాళ్ళకి ఆ పేటలో, ఒక సభ్యుడి ఇంట్లో తరగతి. పేర్లన్నీ ఒకే షీటులో ఉన్నాయి. ఏ ఇంటి జాబితా ఆ ఇంటికి విడిగా పంపాలి. ఆ పని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం, మాక్రో అంటారు, ఒకటి రాసి సంఘం కార్యదర్శికిచ్చాను. బటన్ నొక్కితే ఏ కాలమ్ ప్రకారం విడగొట్టాలని అడుగుతుంది. నంబరు ఇస్తే, ఆ కాలమ్‌లో ఎన్ని రకాల మాటలుంటే అన్ని ఫైళ్ళు చేసి పెడుతుంది. గడి ఖాళీగా ఉంటే ఫైలుకి పెట్టడానికి పేరు దొరక్క ఆగిపోయేది. అందుకని ఒక లైను చేర్చాను: ఖాళీ వస్తే దాటెయ్. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి ఆదివారం నేను భవానీపూర్‌లో పాఠం చెబుతుంటే, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక ఫిట్టరు వచ్చాడు. యాభై దాటినవాడు. బడి చదువంతా హిందీలో సాగింది. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. తల్లికి చూపు పోయింది. ఆమె బైబిలు ఆమెకి చదివి వినిపించాలని అతని ఆశ.

"అయ్యా, మా పక్క క్వార్టర్స్‌లో కలాసుకెళ్తే లిస్టులో నీ పేరు నేదన్నారు. ఇంకో ఇంటికెళ్ళినాను. అక్కడా నేదు. నాను ఫారం ఇచ్చినాను గదా?"

"ఇచ్చారు. నేనే ఎక్కించాను."

"మరేటయినట్టు? ఇయ్యాల ఏటి నేర్సుకొస్తానో అని మా అమ్మ పొద్దున్నించీ కూకుని ఉంది."

పాఠం ఆపి, ఇద్దరం కార్యదర్శి ఇంటికి వెళ్ళాం. కంప్యూటర్లో చూస్తే ఫైళ్ళకి ఉన్నవి పేటల పేర్లు కావు. కులాల పేర్లు.

"పేట కాలమ్ నంబరు కదండీ ఇవ్వమన్నాను?"

"ఏటయ్యా అంత కోపం?" అన్నాడు కార్యదర్శి. "కలాసులు ఇళ్ళల్లో గదా. ఎవులింటికి ఎవులొస్తారో సూసుకోవద్దా? అయినా విడగొట్టింది నానా? నీ మాక్రోయే!"

"మరి ఈయన పేరేది?"

"కులం రాయనేదు. రాసుంటే ఏదో ఒక ఫైల్లో పడును."

ఫిట్టరు నావైపు తిరిగాడు. "రాయొద్దని మీటింగులో మీరే సెప్పినారు గదండీ."

చెప్పాను. ఆ ఉపన్యాసానికి హాజరైనవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి గడి ఖాళీగా వదిలినవాడు ఈయన ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ నేను రాసిన లైను దాటేసింది.

కులం కాలమ్ మొత్తం తీసేసి, పేటలవారీగా మళ్ళీ నడిపాను. సంత్రాగాఛి ఫైల్లో అతని పేరు వచ్చింది.

"కంగారు పడకు, పాత షీటు సీడీలో దాసినాన్లే," అన్నాడు కార్యదర్శి, నన్ను ఓదారుస్తూ. ఆ సీడీ అడిగి పుచ్చుకుని, అక్కడే రెండుగా విరిచాను.

వానలు తగ్గేనాటికి ఫిట్టరు తన తల్లికి బైబిలు మొదటి పేజీ చదివి వినిపించాడు. అంతకుముందు ఆదివారం నాకు చదివి చూపిస్తే, దేవుణ్ణి నమ్మని నేనే అతని ఒత్తులు దిద్దాను.

మీ దగ్గరా అలాంటి షీటు ఒకటి ఉండే ఉంటుంది. ఉపన్యాసాలు తర్వాత. ముందు దాన్ని తెరవండి. ఆ కాలమ్ తీసెయ్యండి. నకలు దాచుకోకండి.