సుంకన్న దించిన ఆడ పురుగు

నిడుగల్లు సుంకన్నకు చెట్టెక్కడమంటే నడిచినంత తేలిక. చింతకాయ రాల్చాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతన్నే పిలిచేవాళ్లు. ఎనభై అయిదులో వానల్లేక శెనక్కాయ పైరు ఊడలు నేలలోకి దిగకముందే మాడిపోయింది. భార్య తిప్పమ్మను గొర్రెల దగ్గర ఉంచి, అతను కర్ణాటకలోని మలెనాడు కాఫీ తోటల్లో నీడచెట్ల కొమ్మలు కొట్టే పనికి పోయాడు.

తోట పక్క అడవిలో బెంగళూరు మేడం ఒకామె గుడారం వేసుకుని ఉంది. చెట్ల తలల్లో బతికే పెంకు పురుగుల మీద ఆమె పరిశోధన. కింద తెల్ల గుడ్డలు పరిచి, పొగ మిషనును తాడుతో పైకి లాగితే, మందు పొగకు పురుగులు గుడ్డల మీద రాలతాయి. ఆ తాడు వేయడానికి వంద అడుగులు ఎక్కేవాడు కావాలి. తోట మేస్త్రీ సుంకన్నను చూపించాడు.

గాలి లేవకముందే, తెల్లారుతూనే పని. రాలినవాటిని చూసి సుంకన్నకు ఆశ్చర్యం. పచ్చవి, రాగి రంగువి, ఆవగింజంతవి. కొమ్మున్న నల్ల పురుగు మాత్రం మేడంకు అంతకుముందు ఏడాది ఒక్కటే దొరికింది. మగది.

"ఆడది దొరికితేగానీ దీని సంగతి పూర్తిగా తెలీదు సుంకన్నా," అంది కన్నడంలో.

పదకొండు చెట్లకు పొగ పెట్టారు. ఆడది రాలలేదు.

"అమ్మా, చింతకొమ్మ పుచ్చితే పురుగు లోపలే ఉంటాది. ఎంత దులిపినా పడదు. ఇదీ అట్లే ఉండాదేమో, చేత్తో చూడాల," అన్నాడు సుంకన్న.

"పుచ్చిన కొమ్మ మీ బరువు ఆపుతుందా?"

"దాని మీద నేనెందుకు నిలబడతానమ్మా? పక్కదాని మీద నిలబడతా."

ఆమె నవ్వింది. అయినా అతని నడుముకు తాడు తనే రెండు చుట్లు కట్టింది.

మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు కొమ్మ చీలికలో నాచు తొలగించాడు. ఎండాకాలంలో కూడా నాచు చెమ్మగా ఉంది. మా ఊరి బావిలో ఇంత తడి లేదే అనుకున్నాడు. దాని వెనక పుచ్చులో వేలికి గట్టిగా ఏదో తగిలింది. నల్లటిది, కొమ్ము లేదు. తువ్వాలు కొసన మూటగట్టి దిగాడు.

మేడం దాన్ని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదే సుంకన్నా!"

చిన్న చీటీ మీద తేదీ, చెట్టు, ఎత్తు రాసి, ఇంకో మాట చేర్చింది.

"అదేందమ్మా?"

"దాన్ని పట్టింది మీరు కదా. మీ పేరు."

"నిడుగల్లు అని గూడా రాస్తారా?"

"పురుగు దొరికిన చోటే రాయాలి."

"అవునులే, దాని ఊరు దానిది," అన్నాడు. కానీ ఆ రోజంతా పనిలో హుషారుగా ఉన్నాడు.

ఇంటికొచ్చి చెబితే తిప్పమ్మ నమ్మలేదు. "పురుగు కోసరం అంత చెట్టెక్కినావా? ఏం జేసుకుంటారప్పా దాన్ని?"

"చూస్తారు. చూసి, దాని గురించి రాసిపెడతారు."

ఆ తర్వాత ఆరేళ్లు మేడం రమ్మని కార్డు రాసినప్పుడల్లా పోయాడు. తొంభై రెండులో కార్డు వచ్చేసరికి నిడుగల్లులో మంచి వాన పడి, నేల పదునెక్కింది. స్కూలు అయ్యవారు ఈరయ్య చేత సుంకన్న జవాబు రాయించాడు: "విత్తనం వేసి వస్తా. పది రోజులు ఓపిక పట్టండమ్మా."