సింగారం పెయింట్స్‌కు నేను చేసిన సింగారం

నా చేతుల మీదుగా జరిగిన ఘోరాలు చాలానే ఉన్నాయి గానీ, నరసరావుపేట బజారు మొత్తం ఆగి చూసిన ఘోరం మాత్రం ఇదొక్కటే. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే హైదరాబాదులో ఆరు నెలల డిజైన్ కోర్సు చేసి వచ్చాను. నాకు తెలియని అక్షరం భూమ్మీద లేదని గట్టి నమ్మకం. మా పక్కింటి కోటేశ్వరి పిన్ని పదేళ్లు ఎవరి షాపులోనో రంగు డబ్బాలు అమ్మి, చివరికి సొంత షాపు పెట్టుకుంటోంది. బోర్డు పని నాకే అప్పగించింది. అదే నా మొదటి పని.

మామూలు అక్షరాలు వేస్తే నా చదువేం కావాలి? ఏరి ఏరి ఒక అక్షరశైలి పట్టాను. దుంగల్లాంటి మందపాటి అక్షరాలు, పాతకాలం అచ్చులో సిరా సరిగ్గా అంటనట్టు ఒళ్లంతా గాట్లు, అంచులంతా పెచ్చులు. నా కళ్లకు అందులో చరిత్ర కనిపించింది.

ఫోన్‌లో చూపిస్తే పిన్ని చెంగుతో స్క్రీను తుడిచింది. చూసి, మళ్లీ తుడిచింది.

"ఏందే, ఈ మరకలు పోవట్లేదు?"

"మరకలు కాదు పిన్నీ, వింటేజ్."

"అంటే?"

"కొత్తదే, పాతదానిలా కనపడుద్ది."

"ఏమో, చదువుకున్నదానివి. చానా బాగుంటదంటే కానియ్."

ఆ నమ్మకాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రారంభం రోజు పొద్దున బోర్డు మీద గుడ్డ తీశారు. ముహూర్తానికి ఇంకా గంట ఉంది. జనం తలలెత్తారు.

"ఒరేయ్, షాపు తెరవకముందే రంగు ఊడిందేందిరా?"

"వాళ్ల రంగే వేసుకునుంటారు!"

"అదే మనింటికి వేస్తే గోడ కూడా ఊడుద్ది."

నేను మెట్టెక్కి, "ఇది కావాలని చేసిందేనండీ!" అని అరిచాను. "కావాలనా?" అంటూ దారినపోయేవాళ్లు ఇంకో పదిమంది ఆగారు.

పిన్ని నన్ను ఒక్క మాట తిట్టలేదు. మెల్లగా, "ఏమే, ఈ పాత ఎప్పటికి కొత్తయిద్ది?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు గుంపులోంచి మస్తాన్ బాబాయ్ ముందుకొచ్చాడు. ఒకప్పుడు పేటలో సగం బోర్డులు ఆయన కుంచెతో రాసినవే. మాలాంటి కంప్యూటర్ వాళ్లు దిగాక ఆయనకు పని తగ్గింది. నన్ను చూసి నవ్వుకునే హక్కు అందరికంటే ఆయనకే ఎక్కువ. ఆయన మాత్రం, "నిచ్చెనుందా అమ్మా?" అన్నాడు.

షాపులోని ఎర్రరంగు డబ్బా విప్పి ఎక్కాడు. నేను కింద డబ్బా పట్టుకున్నాను. 'సింగారం'లో గాట్లన్నీ పూడ్చి నిగనిగలాడించేసరికి గంట గడిచిపోయింది.

"ముహూర్తం దాటిపోద్ది, దిగవయ్యా!" అని పంతులుగారు కేకేశారు.

'పెయింట్స్' ఇంకా పెచ్చులతోనే ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబాయ్ దిగలేదు. "రెండు నిమిషాలు, పంతులుగారూ" అని, 'సింగారం' కింద చిన్న అక్షరాలతో 'మా రంగు వేశాక' అని రాశాడు. 'పెయింట్స్' కింద 'వేయకముందు' అని రాశాడు.

జనం బోర్డును ఎడమ నుంచి కుడికి ఒకసారి చదువుకున్నారు. తర్వాత బజారంతా నవ్వింది, ఈసారి మమ్మల్ని చూసి కాదు, మాతో కలిసి. నాదెండ్ల నుంచి వచ్చిన రైతొకాయన రిబ్బను కత్తిరించకముందే, "ఆ ఎడమపక్క రంగు నాకు రెండు డబ్బాలు తియ్యమ్మా" అన్నాడు. పిన్ని నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"బాబాయ్, నా మీద కోపం లేదా?" అని అడిగాను, టీ అందిస్తూ.

"అక్షరానికి దెబ్బ తగిలితే చూస్తా ఊరుకుంటానా, పిచ్చిదానా?" అన్నాడాయన. ఆ మాటకు ఈ రోజుకీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

వారం తిరక్కుండా ఒక పళ్ల డాక్టరుగారు మా ఇంటికొచ్చారు. "మా ఆస్పత్రికి కూడా అట్టాంటి పెచ్చులూడిన అక్షరాలే కావాలమ్మా!"

ఆ క్షణమే, పళ్లూ అక్షరాలూ సాక్షిగా శపథం చేశాను: ఇక ఈ జన్మలో ఏ అక్షరం మీదా గాటు పెట్టను. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, మస్తాన్ బాబాయ్ ఆ పూట ఊళ్లో ఉన్నాడని రూఢి చేసుకున్నాకే పెడతాను.