ఊడిపోవలసిన గుండు

ఉదయం ఐదు యాభైకి నంద్యాలలో ఆళ్లగడ్డ పల్లెవెలుగు ఎక్కాను. ముందురోజు సాయంత్రం నుంచే ఒళ్ళు మండుతోంది. ఆళ్లగడ్డలో ఉండే నా మిత్రుడు, రిటైరైన టీచరు సామ్యూల్ సారు ఫోన్ చేసి, "ఓబులేసు నన్ను చెరువుకాడికి రావద్దన్నాడప్పా" అన్నాడు. రుద్రవరం దారిలోని ఆ చెరువును ఓబులేసు వేలంలో పాడుకుని చేపలు పెంచుతాడు, వలలు అల్లుతాడు. ఉద్యోగం అయిపోయాక సారుకు మిగిలిన ఒకే సుఖం ఆ గట్టు మీద గాలం వేసుకుని కూర్చోవడం. పట్టిన చేపను మళ్ళీ నీళ్లలోనే వదిలేస్తాడు. అలాంటి మనిషిని వెళ్లగొడతారా?

పక్కసీటులో పూలగంపామె నా సంచీలోని గాలం కర్ర చూసి, "చేపలకు ఆడిదంకా పోతాండావా అన్నా? నంద్యాల మార్కెట్లో కోసి గూడా ఇస్తారే" అంది. నవ్వే ఓపిక లేదు.

ఏడూ పదికి దిగి, బస్టాండు ఎదుట ఉగ్గాని, చల్లారిన బజ్జీ తిన్నాను. ఎనిమిదికి సారు స్కూటర్ మీద చెరువు చేరాం.

ఓబులేసు ముందు గోనెసంచి మీద చచ్చిన బంగారుతీగ చేప. పెదవికి కొక్కెం, దానికి సీసపు గుండు, గుండుకు పైన తెగిన దారం. గుండు జమ్ములో చిక్కుకుంటే చేప కదల్లేక చచ్చింది.

"సూడు, మీ హెయిర్ రిగ్ చేసిన పని."

హెయిర్ రిగ్‌లో ఎరను కొక్కేనికి గుచ్చరు. కొక్కెం నుంచి వేలాడే వెంట్రుకంత దారానికి ఉడికిన మొక్కజొన్న గింజ ఎక్కించి, జారకుండా చీపురుపుల్ల ముక్క అడ్డం పెడతారు. చేప గింజను పీల్చి, అనుమానపడి ఉమ్మేటప్పుడు ఖాళీ కొక్కెం పెదవికి తగులుతుంది. విప్పి వదిలేయవచ్చు. చంపింది అది కాదు. గుండును చూశాను. మూడు చుట్లు బిగించి మైనం పూసిన వల ముడి.

"ఎవరు కట్టారిది?"

"నేనే. సారుకు కండ్లు ఆనడంల్యా. గుండు కదిలేటట్టు కడితే నాకు మర్యాద యాడుంటాది?"

"వలకు గుండు అంటిపెట్టుకుని ఉండాలి. దీనికి ఊడిపోవాలి. అసలు దారం తెగితే చేప ఆ బరువు వదిలించుకుని పోవాలి. నువ్వు కట్టి, నువ్వు చంపి, సారును రావద్దంటావా?" అని అరిచాను. సారు తల దించుకున్నాడు.

ఓబులేసు గుడిసెలోకి వెళ్లి ఒక కాగితం తెచ్చాడు. కట్టే పద్ధతి నేర్పుతూ నేను సారుకు పంపినదే.

"నీ రాతే గదా? గింజ గీసినావు, చీపురుపుల్ల గూడా గీసినావు. గుండు ఊడాలని యాడ రాసినావో సూపీ."

రాయలేదు. ముప్ఫై ఏళ్లు పత్రికలో పక్కవాళ్ల వార్తల్లో తప్పులు వెతికినవాణ్ణి. కోపం పోలేదు, అది పడే చోటు మాత్రం మారింది.

గుండును పాత కుట్టుదారంతో, గట్టిగా లాగితే తెగేలా కట్టి చూపించాను. ఓబులేసు గుంజాడు. గుండు రాలిపడింది. "ఊడేదానికి ముడి ఏందో, నా కర్మ" అని గొణుగుతూ రెండోది తనే కట్టాడు.

"కూచో సారూ. ఇంక నేనే కడతా." నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం రాబాకప్పా. నీ నోరు మంచిది గాదు" అన్నాడు.

వెళ్లాలనుకునేవారు ఎండ ముదరకముందే వెళ్లండి. చెరువు చాలా బాగుంటుంది. పదకొండుంపావు బస్సు అందుకోవడానికి నేను గట్టు దిగేసరికి సారు అప్పటికే గాలం వేసి నీళ్లకేసి చూస్తున్నాడు. స్కూటర్ మీద దింపుతానని కూడా అనలేదు. షేర్ ఆటోలో ఒక్కణ్ణే ఆళ్లగడ్డ చేరాను.