పాఠంలో ఒక తప్పు

బిజినెస్ కోర్సు పిల్లలకు ఆలోచించడం నేర్పే ఈ మేడమ్‌ది విచిత్రమైన పద్ధతి. ప్రతి పాఠంలోనూ కావాలని ఒక తప్పు చెబుతుంది. దాన్ని పట్టుకునే పూచీ పిల్లలది. "తప్పులు చెప్పి జీతం తెచ్చుకునేదానివి నువ్వొక్కదానివేనమ్మా" అని అత్తగారు ఏడిపిస్తూ ఉంటుంది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. పూర్వం ఆమె పనిచేసిన కంపెనీలో యజమాని ఏమన్నా అందరూ గంగిరెద్దుల్లా తలూపేవారు. ఊపి ఊపి చివరికి కంపెనీనే ముంచారు. ఆ మంట ఆమెకింకా చల్లారలేదు.

ఆ రోజు హెచ్‌ఓడీ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. "మీరు జవాబులే చెప్పరట. పిల్లలకి ఆలోచన వచ్చినట్టు నాకు కనబడకపోతే వచ్చే ఏడాది ఈ సబ్జెక్టు తీసేస్తాను" అని ముందే తేల్చేశాడు.

పాఠం ఒక గొడుగుల కొట్టు గురించి. పోయిన నెలలోనే వానలు మొదలయ్యాయని నల్లబల్ల మీద తనే రాసింది. రాసి, ఇటు తిరిగి, "పోయిన నెల కొట్టుకి ఎర్ర బోర్డు పెట్టారు. అమ్మకాలు రెట్టింపయ్యాయి. అంటే అదంతా బోర్డు మహిమే" అంది.

ఒక్కరూ నోరు విప్పలేదు. పెద్దాయన ముందు మేడమ్ పరువు తీయకూడదని పిల్లలు ముందే కూడబలుక్కున్నారు. సంగతి అర్థమై ఆమెకు ఒళ్ళు మండింది. కాపాడుతున్నామనుకుని నిండా ముంచుతున్నారు. తప్పు తనే విప్పి చెబితే ఈ గండం గడుస్తుంది, కానీ ఇన్నాళ్ళ చదువు గంగలో కలుస్తుంది. చెప్పదలుచుకోలేదు.

"అయితే గోడలకి కూడా ఎర్రరంగు వేయిద్దామా?" అంది ఇంకా గట్టిగా.

తలలు ఊగాయి. వెనక హెచ్‌ఓడీ తల కూడా ఊగింది. పైగా ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

అప్పుడు లేచింది, దేనికైనా ఊ అంటుందని క్లాసంతా 'ఊకొట్టు' అని పిలిచే అమ్మాయి.

"మీరు చెప్పింది తప్పు మేడమ్. వానలొచ్చాయి కాబట్టి జనం గొడుగులు కొన్నారు. బోర్డు సంగతి తేలాలంటే వానలు లేని నెలలో చూడాలి." వెనక్కి తిరిగింది. "సార్, మీరు కూడా రాసేసుకున్నారు."

హెచ్‌ఓడీ రాసింది కొట్టేశాడు.

"తెలిసి ఇంతసేపు ఎందుకు ఊరుకున్నావ్?"

"మీరున్నారని, సార్."

ఆయన కాగితం మడిచి లేచాడు. "వచ్చే ఏడాది కూడా ఈ క్లాసు ఉంటుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

పిల్లలు చప్పట్లు కొట్టబోయారు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

"ఆయన ఉన్నప్పుడే చెప్పాలమ్మా. రేపు మీ ఉద్యోగాల్లో వెనక బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు."